పాఠం యూనివర్సిటీది... కంచం చర్చిది!

ఆస్ట్రేలియాలో పేరున్న పాత యూనివర్సిటీలు మతాన్ని గేటు బయటే ఆపి మొదలయ్యాయి. ఆ గేటు పక్కనే చర్చిలు ఇళ్లు కట్టి, నూటయాభై ఏళ్లకు పైగా విద్యార్థులకు గది, భోజనం, ట్యూషన్ ఇస్తూ వస్తున్నాయి. ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లే తగ్గిపోయిన ఈ కాలంలో ఆ ఇళ్లతో పనేంటి? అవి ఎవరి కోసం నడుస్తున్నాయి?

మెల్‌బోర్న్ యూనివర్సిటీ ఉత్తరపు అంచున కాలేజ్ క్రెసెంట్ అనే వంపు రోడ్డు ఉంది. ఫార్మల్ డిన్నర్ ఉన్న సాయంత్రం అటు వెళితే నల్ల గౌన్లు తొడుక్కున్న పిల్లలు గుంపులుగా మెట్లెక్కుతూ కనిపిస్తారు. గౌను కింద జీన్సు, కాళ్లకు స్నీకర్లు. లోపల ఎత్తయిన కప్పు, పొడవాటి బల్లలు, గోడల మీద ఒకప్పటి కాలేజీ అధిపతుల తైలవర్ణ చిత్రాలు. పెద్దలు హై టేబుల్ దగ్గరికి రాగానే అందరూ లేస్తారు. ఎవరో ఒకరు లాటిన్‌లో రెండు ముక్కల ప్రార్థన చదువుతారు. కుర్చీలు కిర్రుమంటాయి, గరిటెలు మోగుతాయి, కబుర్లు మొదలవుతాయి.

ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో దేవుణ్ణి నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు, ఆ ఊసే పట్టనివాళ్లు అందరూ ఉంటారు. చేరేటప్పుడు మతమేదని నిలదీయరు. కానీ ఆ కప్పు వేసింది చర్చి. చాలాచోట్ల పాలకమండలిలో ఇప్పటికీ దాని మాట ఉంది.

కాలేజీ అంటే మన కాలేజీ కాదు

మన దగ్గర కాలేజీ అంటే పాఠాలు చెప్పి పరీక్షలు రాయించేది. హాస్టల్ దానికి తోక. అక్కడ వ్యవహారం తిరగేసి ఉంటుంది. లెక్చర్లు, ల్యాబులు, మార్కులు, పట్టా అన్నీ యూనివర్సిటీవి. గది, భోజనం, చిన్న లైబ్రరీ, సాయంత్రం ట్యూటోరియళ్లు, నాటకాలు, ఆటల జట్టు, ప్రార్థన మందిరం కాలేజీవి. మెల్‌బోర్న్‌లో చదివే విద్యార్థులు 50 వేలకు పైనే. ఒక్కో కాలేజీలో ఉండేవాళ్లు మాత్రం వందల్లోనే.

వీటికి సొంత కౌన్సిల్, సొంత ఆస్తి, సొంత అధిపతి ఉంటారు. ఆ పదవిని ఒకచోట మాస్టర్ అంటారు, మరోచోట రెక్టర్ అంటారు. మెల్‌బోర్న్ ట్రినిటీలోనూ, సిడ్నీ సెయింట్ పాల్స్‌లోనూ వార్డెన్ అంటారు. మనకు వార్డెన్ అంటే ఆలస్యంగా వస్తే గేటు దగ్గర నిలదీసే మనిషి. అక్కడ కాలేజీ మొత్తానికి ఆయనే పెద్ద దిక్కు. కొత్తగా చేరిన కుర్రాడు మూడు రోజులు భోజనానికి రాకపోతే ఎవరో ఒకరు వెళ్లి తలుపు తట్టాలన్నది ఈ ఇళ్లకున్న లెక్క. ప్రతిసారీ తట్టారా లేదా అన్న ప్రశ్నను పక్కన పెడితే, వీటి వెనకున్న ఆలోచన మాత్రం అదే.

నాలుగు చర్చిలు, ఒక్క యూనివర్సిటీ

పంతొమ్మిదో శతాబ్దం నడిమిదాకా ఇంగ్లండ్‌లో చదువుకు మతమే తాళంచెవి. ఆంగ్లికన్ చర్చి విశ్వాస సూత్రాలకు తలూపనిదే ఆక్స్‌ఫర్డ్‌లో పట్టా దక్కేది కాదు. ఆ మత పరీక్షలను చాలావరకు ఎత్తేసిన చట్టం 1871లో గానీ రాలేదు. ఆస్ట్రేలియా వలస రాజ్యాలు అంతవరకు ఆగే స్థితిలో లేవు. అక్కడ ఇంగ్లండ్ ఆంగ్లికన్లు, ఐర్లండ్ కేథలిక్కులు, స్కాట్లండ్ ప్రెస్బిటేరియన్లు, వెస్లియన్ మెథడిస్టులు పక్కపక్కనే బతుకుతున్నారు. ఒక్క యూనివర్సిటీకే డబ్బుంది. అది ఏ చర్చి చేతికిచ్చినా మిగతా మూడూ ఊరుకోవు.

అందుకని ఎవరికీ ఇవ్వలేదు. 1850లో సిడ్నీ యూనివర్సిటీ, 1853లో మెల్‌బోర్న్ యూనివర్సిటీ మత పరీక్ష లేకుండా పుట్టాయి. దీన్ని చూసి చర్చిలు భగ్గుమన్నాయి. దేవుడు లేని చదువు పిల్లల్ని ఏం చేస్తుందోనని పల్పిట్ల మీద గోల చేశాయి. మధ్యేమార్గంగా ఒక బేరం కుదిరింది. చదువు, పట్టా ప్రభుత్వ యూనివర్సిటీవి. ఆ చుట్టుపక్కల నేల నాలుగు చర్చిలకు. వాళ్లు అక్కడ ఇళ్లు కట్టి, తమ పిల్లల్ని తమ పద్ధతిలో చూసుకుంటారు. న్యూ సౌత్ వేల్స్ 1854లో దీనికి చట్టం చేసి, చర్చి సమకూర్చుకున్న చందాలకు తోడు ఖజానా నుంచి కూడా సొమ్మిచ్చింది. మెల్‌బోర్న్‌లో తలా పదెకరాల చొప్పున నాలుగు ముక్కలు కోసి పంచారు. నేలను పంచినవాళ్లు, తీసుకున్నవాళ్లు మాట్లాడుకున్నారు. దాని అసలు వారసులైన ఆదివాసీలను మాత్రం ఎవరూ అడగలేదు. ఆ సంగతి మళ్లీ వస్తుంది.

1856లో సిడ్నీలో ఆంగ్లికన్ల సెయింట్ పాల్స్ పునాది పడింది. ఆస్ట్రేలియాలో యూనివర్సిటీ వసతి కాలేజీల్లో అదే పాతది. తర్వాత కేథలిక్కుల సెయింట్ జాన్స్, ప్రెస్బిటేరియన్ల సెయింట్ ఆండ్రూస్ వచ్చాయి. మెథడిస్టుల వెస్లీ కాలేజీ 1917 దాకా ఆలస్యమైంది. మెల్‌బోర్న్‌లో ఆంగ్లికన్ల ట్రినిటీ 1872లో, ప్రెస్బిటేరియన్ల ఆర్మండ్ 1881లో, మెథడిస్టుల క్వీన్స్ 1887లో, కేథలిక్కుల న్యూమన్ 1918లో మొదలయ్యాయి. ఆర్మండ్ పేరు ఫ్రాన్సిస్ ఆర్మండ్ అనే గొర్రెల మందల ఆసామిది. నేటి ఆర్‌ఎమ్‌ఐటీ యూనివర్సిటీకి మూలమైన కార్మికుల కాలేజీ వెనక ఉన్న దాత కూడా ఆయనే.

మతం సంగతిలో మెల్‌బోర్న్ ఎంత గట్టిగా ఉండేదంటే, వేదాంత విద్యలో డిగ్రీ ఇవ్వడానికి 1910లో పార్లమెంటు వేరే చట్టంతో వేరే సంస్థనే పెట్టాల్సి వచ్చింది.

కెనడా ఇదే చిక్కును ఇంకో దారిలో విడదీసింది. టొరంటోలో ఆంగ్లికన్ల చేతిలో ఉన్న కింగ్స్ కాలేజీని 1849 చట్టం మతం నుంచి విడదీసింది. దాన్ని స్థాపించిన బిషప్ జాన్ స్ట్రాకన్ అలిగి, డెబ్బై దాటిన వయసులో ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లి చందాలు పోగేసుకొచ్చి, ట్రినిటీ కాలేజీని వేరే నడిపాడు. అర్ధశతాబ్దం గడిచాక 1904లో ఆ ట్రినిటీయే టొరంటో యూనివర్సిటీ గూటికి చేరింది. అలిగిన అన్నదమ్ములు చివరికి ఒకే ప్రాంగణంలో వేరు పొయ్యిలు పెట్టుకున్నట్టయింది.

రోల్ నంబరా, పేరా?

ఈ ఇళ్ల వెనక డబ్బూ పంతమే కాదు, ఒక ఆలోచన కూడా ఉంది. దాన్ని అందరికంటే పదునుగా చెప్పినవాడు జాన్ హెన్రీ న్యూమన్. ఆంగ్లికన్ పూజారిగా ఉండి కేథలిక్ అయ్యి, కార్డినల్ దాకా ఎదిగినవాడు. 2019లో పోప్ ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. 1852లో డబ్లిన్ కోసం యూనివర్సిటీ గురించి రాసిన ఉపన్యాసాల్లో ఆయన ఒక వింత పోటీ పెట్టాడు. కలిసి ఉండటం, దగ్గరుండి చూసుకోవడం ఏమీ లేకుండా, పరీక్ష పాసైతే పట్టా చేతిలో పెట్టే యూనివర్సిటీ ఒకటి. ప్రొఫెసర్లు, పరీక్షలు ఏవీ లేకుండా కుర్రాళ్లను మూడు నాలుగేళ్లు ఒకచోట ఉంచి పంపేసే యూనివర్సిటీ ఇంకొకటి. రెంటిలో ఒకటే ఎంచుకోమంటే తన ఓటు రెండోదానికే అన్నాడు. భిన్నమైన మనుషులు రోజూ ఎదురుపడితే, పాఠం చెప్పేవాడు లేకపోయినా ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారన్నది ఆయన వాదన.

ఆయన కాదన్న ఆ మొదటి రకమే మన వాటాకు వచ్చింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు లండన్ నమూనాలో పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థలుగా మొదలయ్యాయి. ఎక్కడ ఉంటున్నావు, ఏం తింటున్నావు, ఎవరితో తిరుగుతున్నావు అన్నది యూనివర్సిటీకి అక్కర్లేని సంగతి. దానికి విద్యార్థి ఒక రోల్ నంబరు. మద్రాసు యూనివర్సిటీ కింద చదివిన మన తాతల తరం ఈ మాటను వెంటనే ఒప్పుకుంటుంది.

వారాల నుంచి హాస్టళ్ల దాకా

యూనివర్సిటీ పట్టించుకోని ఆ పనిని మన దగ్గర ఊరు చూసుకుంది. పరాయి ఊళ్లో చదువుకునే పేద పిల్లవాడు వారాలు చేసుకునేవాడు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరో ఇంట్లో భోజనం. ఏడు గడపలు కలిసి ఒక కుర్రాడికి కాలేజీ అయ్యేవి. ఇవ్వాళ ముఖం వాడిందేమని అడిగే ఇల్లాలే వాడికి ట్యూటర్.

తర్వాత ఆ పనిని సామాజిక వర్గాలు అందుకున్నాయి. హైదరాబాద్‌లో 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో వచ్చిన రెడ్డి హాస్టల్‌కు కొన్నేళ్లు సురవరం ప్రతాపరెడ్డి పెద్దదిక్కుగా ఉన్నారు. నిజాం కాలపు తెలంగాణలో తెలుగు చదువుకు, పత్రికకు, సభకు అలాంటి ఇళ్లు ఆసరా అయ్యాయి. కోస్తాలో మిషనరీలు ఇల్లూ బడీ రెండూ తామే కట్టారు. గుంటూరులో లూథరన్ల ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ 1885 నాటిది. విజయవాడలో జెస్యూట్ల ఆంధ్ర లయోలా 1953లో వచ్చింది. లయోలా హాస్టల్లో ఉన్నవాళ్లను కదిపితే పాఠాల కంటే ముందు స్టడీ అవర్ గంట గురించి చెబుతారు.

మన ఇళ్లకూ ఒక గడప ఉండేదన్నది దాచకూడదు. వారాలు చాలావరకు కులం దాటి రాలేదు. హాస్టల్ పేరులోనే కులం ఉండేది. ఆదరించే చెయ్యి ఎవరిని ఆదరించాలో ముందే తేల్చుకునేది. మెల్‌బోర్న్ బల్ల దగ్గరా ఇదే గడప వేరే రూపంలో కనిపిస్తుంది.

అమ్మాయిలకు చోటెక్కడ?

చర్చి అంటే ఆడవాళ్లను వెనక్కి లాగేదనే అనుకుంటాం. మెల్‌బోర్న్‌లో కథ అలా సాగలేదు. యూనివర్సిటీ మహిళలను చేర్చుకోవడం మొదలుపెట్టిన కొద్ది కాలానికే, 1886లో ట్రినిటీ తన పక్కన విద్యార్థినుల కోసం ఒక హాస్టల్ తెరిచింది. దేశంలో యూనివర్సిటీ అమ్మాయిల మొదటి వసతి అదే. ఇప్పుడది జానెట్ క్లార్క్ హాల్ పేరుతో స్వతంత్ర కాలేజీ. ఊరుగాని ఊరిలో ఉండే చోటు లేక చదువు మానేయాల్సిన అమ్మాయికి ఆ గదే డిగ్రీ.

సిడ్నీలో 1892లో తెరుచుకున్న విమెన్స్ కాలేజీ ఇంకో అడుగు ముందుకేసింది. అది ఏ చర్చికీ చెందకూడదని దాని చట్టంలోనే రాసుకున్నారు. చర్చి కాలేజీల నడుమ చర్చి లేని కాలేజీ ఒకటి నిలబడి, ఈ పని మతం లేకుండా కూడా చేయొచ్చని నూట ముప్పై ఏళ్లుగా చూపిస్తోంది. చర్చి కాలేజీల పాలకులకు ఇది గుచ్చుకోవాల్సిన ముల్లే. అక్కడే ఉన్న సెయింట్ పాల్స్ డిగ్రీ చదివే అమ్మాయిలకు తలుపు తీసింది మాత్రం 2023లో!

న్యూమన్ కాలేజీ కట్టినాయన లక్నోలో

మెల్‌బోర్న్ న్యూమన్ కాలేజీని చూస్తే పాత గోతిక్ చర్చి గుర్తుకురాదు. ఇసుకరాతి గోడలు, భోజనశాల మీద పెద్ద గుమ్మటం, నేలకు ఆనుకుని సాగే వరండాలు. కుర్చీలు, బల్లలతో సహా రూపకల్పన చేసింది అమెరికా నుంచి వచ్చిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాకు నక్షా గీసింది ఆయనే. భార్య మారియన్ మహోనీ కూడా పేరున్న ఆర్కిటెక్టే. 1935లో గ్రిఫిన్ లక్నో యూనివర్సిటీ లైబ్రరీ పని మీద మన దేశం వచ్చాడు. వచ్చాక పయొనీర్ పత్రిక భవనం వంటివీ చేతికందాయి. పని మధ్యలోనే జబ్బుపడి 1937 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు. సమాధి కూడా లక్నోలోనే. విద్యార్థులందరినీ ఒకే గుమ్మటం కింద భోజనానికి కూర్చోబెట్టిన మనిషి, చివరికి పరాయి ఊళ్లోనే మిగిలిపోయాడు.

ఇల్లు పెట్టిన చిక్కు

మనిషిని తీర్చిదిద్దుతామని చెప్పుకునే ఇల్లు మనిషి తప్పుకు కూడా జవాబు చెప్పాలి. ఇక్కడ చర్చి కాలేజీలు పదే పదే తడబడ్డాయి.

1990ల మొదట్లో ఆర్మండ్ అధిపతిపై ఇద్దరు విద్యార్థినులు వేధింపు ఫిర్యాదులు చేశారు. కోర్టుల్లో నేరం చివరికి నిలవలేదు. ఆయన పదవి వదిలిపెట్టారు. ఆ ఉదంతంపై రచయిత్రి హెలెన్ గార్నర్ 1995లో రాసిన ‘ది ఫస్ట్ స్టోన్’ దేశాన్ని రెండుగా చీల్చింది. 2012లో సిడ్నీ సెయింట్ జాన్స్‌లో పాత విద్యార్థులు కొత్తవాళ్లకు పెట్టే ‘ఆనవాయితీ’లో భాగంగా తాగించిన దానితో ఒక అమ్మాయి ఆసుపత్రి పాలైంది. పాలకమండలి చేతకానితనం వీధిన పడి, అందులోని మతాధికారులను రాజీనామా చేయమని కార్డినల్ జార్జ్ పెల్ కోరాల్సి వచ్చింది. మనం ర్యాగింగ్ అంటాం. వాళ్లు సంప్రదాయం అన్నారు.

2017 ఆగస్టులో ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్ 39 యూనివర్సిటీల్లో 30 వేల మందికి పైగా విద్యార్థుల్ని అడిగి నివేదిక ఇచ్చింది. 2016లో సగం మంది కనీసం ఒకసారైనా లైంగిక వేధింపు ఎదుర్కొన్నారని అందులో తేలింది. కాలేజీల్లో, హాస్టళ్లలో ఉండే అమ్మాయిలకు దాడి ముప్పు ఎక్కువని కూడా చెప్పింది. అదే ఏడాది నవంబరులో సిడ్నీ కాలేజీల సంస్కృతిపై ఎలిజబెత్ బ్రోడరిక్ బృందం ఇచ్చిన నివేదికలో మద్యం, కొత్తవాళ్లను అవమానించే ఆచారాలు, నోరు మెదపనివ్వని ‘మనవాళ్లు’ ధోరణి బయటపడ్డాయి. ఈ పరిశీలనకు మొదట ససేమిరా అన్న సెయింట్ పాల్స్, విమర్శలు చుట్టుముట్టాక ఒప్పుకుంది.

ఇందులో ఒక చేదు తర్కం ఉంది. ఏ దగ్గరితనం కోసం ఈ ఇళ్లు కట్టారో, ఆ దగ్గరితనమే తప్పును కప్పిపుచ్చే దుప్పటి కూడా అయింది. ప్రధాని గాఫ్ విట్లమ్ సెయింట్ పాల్స్‌లో ఉన్నాడని, యుద్ధఖైదీల ప్రాణాలు నిలిపిన సర్జన్ వియరీ డన్‌లప్ ఆర్మండ్ కుర్రాడని గోడ మీద పటాలు చూపి మురిసిపోయే ఇల్లు, అదే గోడ వెనక జరిగినదాన్ని తనది కాదని తప్పించుకోలేదు.

కొత్త గడప

1911 జనగణనలో ఆస్ట్రేలియన్లలో 96 శాతం క్రైస్తవులు. 2021 నాటికి 43.9 శాతం. మతం లేదన్నవాళ్లు 38.9 శాతం. 1977లో మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లలో ఎక్కువమంది, కాంగ్రిగేషనలిస్టులు కలిసి యూనైటింగ్ చర్చి అయ్యారు. దాంతో ఒకప్పుడు పోటీపడి కట్టిన ఆర్మండ్, క్వీన్స్ ఒకే చర్చి గొడుగు కిందికి వచ్చాయి. ప్రెస్బిటేరియన్ పిల్లల్ని మెథడిస్టుల నుంచి కాపాడుకోవడమనే తొలి పని ఎప్పుడో తీరిపోయింది.

ఇప్పుడు గడప మతంది కాదు, డబ్బుది. చాలా కాలేజీల్లో ఏడాది ఖర్చు 30 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు దాటుతుంది. స్కాలర్‌షిప్పులు ఉన్నా, ఖరీదైన ప్రైవేటు స్కూళ్ల పిల్లలే ఎక్కువగా కనిపిస్తారన్న విమర్శ పాతదే, అబద్ధమూ కాదు.

మనవాళ్ల సంగతి చూడండి. 2021 జనగణనలో ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నవాళ్లు 59 వేల పైచిలుకు. చదువుకు వెళ్లిన మన పిల్లల్లో ఎక్కువమంది ఈ కాలేజీల గుమ్మం తొక్కరు. మెల్‌బోర్న్‌లో టార్నీట్, పాయింట్ కుక్ లాంటి శివార్లలో ఇల్లు పంచుకుని, వంతులవారీగా పప్పు, అన్నం వండుకుని, పని షిఫ్టుకీ క్లాసుకీ మధ్య రైల్లో కునుకు తీస్తారు. వాళ్లకు ఆ షేరింగ్ ఇల్లే కాలేజీ. జ్వరమొస్తే చారు కాచిచ్చే రూమ్మేటే చాప్లెన్, అంటే కాలేజీ పాదిరి!

డబ్బున్నవాళ్లకు కంపెనీలు కట్టిన విద్యార్థి టవర్లున్నాయి. కార్డు గీకితే తలుపు, యాప్‌లో లాండ్రీ, కింద జిమ్, గదిలోనే పొయ్యి. అన్నీ ఉన్నాయి. బల్ల ఒక్కటే లేదు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండటం అక్కడ చాలా సులువు.

మరి ఎందుకుండాలి?

చర్చి కాలేజీల తరఫున నిలబడే జవాబు ఇక్కడే దొరుకుతుంది. యూనివర్సిటీ యాభై వేల మందిని చదివించగలదు, యాభై వేల మందిని పేరు పెట్టి పిలవలేదు. ఆ పనికి చిన్న ఇల్లు కావాలి. ఇంజనీరింగ్ కుర్రాడు, సంగీతం చదివే అమ్మాయి, పీహెచ్‌డీ చేసే ట్యూటర్ ఒకే గిన్నెలోంచి వడ్డించుకునే చోటు కావాలి. లాభం చూసుకునే కంపెనీ ఆ బల్లకు స్థలం కేటాయించదు. అక్కడ ఇంకో నాలుగు గదులు పడతాయి కదా! లాభం అక్కర్లేని యజమాని ఎవరైనా ఈ పని చేయొచ్చు. విమెన్స్ కాలేజీ చేసి చూపించింది. చర్చి చేయడంలో అదనం ఏదైనా ఉందంటే, అతిథికి అన్నం పెట్టడం, బలహీనుడి పక్షం నిలవడం తన ధర్మమని అది నోరారా చెప్పుకోవడం. చెప్పుకున్న మాట పట్టుకుని నిలదీయొచ్చు. 2012లోనూ, 2017లోనూ జనం చేసింది అదే. టవర్ యజమానిని అలా నిలదీయగలమా? ఆయన ధర్మం గురించి మాటే ఇవ్వలేదు.

కాబట్టి లెక్క చూడాల్సింది ప్రార్థన మందిరంలో ఎందరు మోకరిల్లారన్నది కాదు. బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారన్నది. ప్రజల ఖజానా ఇచ్చిన నేల అది. అంతకు ముందు మెల్‌బోర్న్‌లో వురుంజెరి ప్రజలది, సిడ్నీలో గాడిగల్ ప్రజలది. బాకీ ఉంది. ట్రినిటీ లాంటి కాలేజీలు ఈమధ్య ఆదివాసీ విద్యార్థుల కోసం ప్రత్యేకంగా సీట్లు, సాయం ఏర్పాటు చేస్తున్నాయి. సంఖ్య పెద్దది కాదు. అయినా బాకీ తీర్చడం ఎక్కడ మొదలవ్వాలో అక్కడే మొదలైంది.

ఆ సాయంత్రం లాటిన్ ప్రార్థన ముగుస్తుంది, కుర్చీలు కిర్రుమంటాయి. నూటయాభై ఏళ్ల కింద ఏ నేలను అడగకుండా కోసి పంచుకున్నారో, ఆ నేల బిడ్డ ఒకరు గౌను సర్దుకుని బల్ల దగ్గర కూర్చుంటారు. పక్కనున్నవాళ్లు పేరు అడిగి, రొట్టె గిన్నె అటు జరుపుతారు.